ముందు బల్బు నొక్కి చూడండి

ఔట్‌బోర్డ్ ఇంజన్ నిదానంగా పోతే బాగానే ఉంటుంది, రేజ్ చేయగానే గుక్కపట్టి ఆగిపోతుంది. చాలామంది వెంటనే కార్బొరేటర్ విప్పేస్తారు. దయచేసి ఆగండి. ముందు ట్యాంకు మూత మీది గాలి మర తెరిచి ఉందో లేదో చూడండి. అది బిగిసి ఉంటే పెట్రోలు రాదు.

తర్వాత పైపు మధ్యలో ఉండే రబ్బరు బల్బు. ఇంజన్ డీలాపడుతున్నప్పుడే ఒకరు దాన్ని నొక్కుతూ ఉండాలి. ఇంజన్ పుంజుకుంటే ఫ్యూయల్ పంపు డయాఫ్రం మీద అనుమానపడాలి. బల్బు లోపలికి అతుక్కుపోతే అడ్డు ట్యాంకు వైపే ఉంది. ఎంత నొక్కినా గట్టిపడకపోతే ఎక్కడో గాలి పీలుస్తోంది, లేదా బల్బులోని వాల్వు పోయింది. అలలు విరిగేచోట ఇంజన్ ఆగితే బోటు అడ్డం తిరుగుతుంది, ప్రాణాల మీదికొస్తుంది. అందుకే ఇంతగా చెబుతున్నాను.

ఫిల్టర్‌లోది గాజు సీసాలో పోసి కాసేపు కదపకుండా ఉంచండి. నీళ్లుంటే అడుక్కి చేరతాయి. ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు, అది తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి ఒడ్డునే ఉన్న బోటైతే ఇది తప్పక చూడాలి.

ఒక కొత్త బల్బు ఎప్పుడూ బోటులో ఉంచుకోండి. బిగించేటప్పుడు దాని మీది బాణం గుర్తు ఇంజన్ వైపుకే ఉండాలి.