చల్లగాలి అటకపాలు!

అటక అనగానే మనకు గుర్తొచ్చేవి ఏడాదికోసారి దించే ఇత్తడి గంగాళాలు, పాత ట్రంకుపెట్టెలు. మేముండే టెక్సాస్‌లో మాత్రం అటకమీద కాపురముండేది ఏసీ! డాలస్ చుట్టుపక్కల చాలా ఇళ్ళలో పైకప్పుకీ సీలింగుకీ మధ్యనున్న జాగాలో మిషను పెట్టి, ఏనుగు తొండాల్లాంటి డక్టుల ద్వారా గదిగదికీ చల్లగాలి పంపిస్తారు. ఎండాకాలంలో ఆ అటక వేడి 130 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే మన లెక్కలో 54, దాటడం మామూలే. కొలిమిలోంచి మంచునీళ్ళు మోసుకొచ్చినట్టన్నమాట.

2023 వేసవిలో మా అమ్మ రెంటచింతల నుంచి వచ్చింది. మేడమీది గది ఇచ్చాం. కింద హాల్లో శాలువా కప్పుకునేంత చలి, పైన అమ్మ గదిలో 86 డిగ్రీలు. "రెంటచింతల ఎండల్లో పుట్టి పెరిగినదాన్ని, నాకిదో లెక్కటే?" అనేది. కానీ అర్ధరాత్రి మెల్లగా మెట్లు దిగొచ్చి సోఫాలో పడుకునేది. డెబ్భై రెండేళ్ళ మనిషి, బీపీ మాత్రలు వేసుకుంటుంది. చీకట్లో ఆ మెట్లమీద కాలు జారితే?

మెకానిక్‌ని పిలిపిస్తే, అటక ఎక్కకుండానే "మిషను పాతబడింది, కొత్తది వేయించుకోండి" అంటూ ఎనిమిది వేల డాలర్లకి కాగితం రాసిచ్చాడు. ఆ డబ్బు డిసెంబరులో మా తమ్ముడి కూతురి పెళ్ళికి వెళ్ళడానికని దాచుకున్నది! నాకొకటే అనుమానం. మిషనే చెడితే కింద గదులు అంత చల్లగా ఎందుకుంటాయి?

అమ్మ పూజ దగ్గర్నించి ఒక అగరొత్తి వెలిగించి తెచ్చాను. కింద గదుల్లో గాలొచ్చే జల్లెడ దగ్గర పెడితే పొగ చెల్లాచెదురైపోయింది. అమ్మ గదిలో తిన్నగా పైకి లేచింది. అంటే గాలి దారిలోనే ఎక్కడో పోతోంది!

మర్నాడు తెల్లవారుజామున, ఏసీ నడుస్తుండగానే మావారూ నేనూ అటకెక్కాం. ఎండెక్కాక అక్కడికి వెళ్ళకూడదు, ప్రాణానికే ముప్పు. ముక్కుకి మాస్కు, పొడుగు చేతుల చొక్కా ఉండాలి, ఆ దూదిలాంటి పీచు ఒంటికి తగిలితే ఒకటే దురద. అడుగు దూలాలమీదే వెయ్యాలి. పీచుకింద ఉన్నది పల్చటి జిప్సం అట్ట, కాలుపడితే నేరుగా హాల్లోకే! పైన నిప్పు వద్దని టిష్యూ కాగితం పీలికతో, తడిచేత్తో వెతికాం. అమ్మ గదికి వెళ్ళే డక్టు పట్టీ వదులై, రేకుపెట్టె మూతినుంచి సగం ఊడి వేలాడుతోంది. మేం డబ్బిచ్చి కొంటున్న చల్లగాలంతా పైకప్పుకి విసురుతోందన్నమాట. ఇంకోచోట గాలి లోపలికి పీల్చుకునే పెట్టె అతుకు దగ్గర కాగితం ఠక్కున అతుక్కుపోయింది. అటకలోని దుమ్మూ వేడీ అక్కణ్ణించే ఇంట్లోకి వస్తున్నాయి. రోజూ తుడిచినా బల్లలమీద దుమ్మెలా చేరుతోందో అప్పుడు తెలిసింది!

ఏసీ ఆపి, డక్టుని మూతిమీదికి పూర్తిగా తొడిగి కొత్త పట్టీ బిగించాం. అతుకులకి మాస్టిక్ పూశాం. గారెల పిండిలా ఉంటుందది, పాత బ్రష్షుతో మందంగా పట్టించాలి. పెద్ద సందులకైతే ముందు జాలీ గుడ్డ పరచి పైన పూయాలి. డక్ట్ టేప్ అని దొరికే గుడ్డ టేపు మాత్రం కొనకండి. పేరులో డక్టుంది గానీ డక్టుకి అదే పనికిరాదని కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలవాళ్ళు 1998లోనే తేల్చారు. వేడికి దాని జిగురు ఊడిపోతుంది. మామూలు ఇళ్ళలో 20 నుంచి 30 శాతం గాలి ఇలా డక్టుల్లోంచే పోతుందని అమెరికా ప్రభుత్వ కార్యక్రమం ఎనర్జీ స్టార్ లెక్క. గ్యాసు హీటరు కూడా అటకలోనే ఉన్నవాళ్ళు పనయ్యాక దాన్ని తెలిసినవాళ్ళకు చూపించుకోవాలి, కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి.

రెండు పొద్దులు, నలభై డాలర్లు. అమ్మ గది 78కి దిగింది. చూరుకింద మాకందని రెండు అతుకుల్ని అక్టోబరులో, అటక చల్లబడ్డాక, ఓ పనివాడిచేత వేయించాం. డిసెంబరులో నలుగురం పెళ్ళికి వెళ్ళాం.