అయితే, లేకపోతే

కాగితం మీద రాసిపెట్టి వెళితే ఇల్లు దానంతటదే నడుస్తుందనుకోవడం నా తెలివితక్కువతనం. పోయిన మాఘమాసంలో తమ్ముడి కూతురి పెళ్ళికి మాచర్ల వెళుతూ, వారానికి సరిపడా జాబితా రాసి వంటింటి తలుపుకి అంటించాను. పాలు రెండు పాకెట్లు. పనిమనిషికి కాఫీ. అత్తయ్యకు పొద్దున్నే షుగరు మాత్ర. మావారు బ్యాంకులో చేసి రిటైరైన మనిషి. రాసింది రాసినట్టు చేయడంలో ఆయనకు సాటి లేరు.

భీష్మ ఏకాదశి వచ్చింది. అత్తయ్యకు ఉపవాసం. మావారు మాత్ర ఇచ్చారు, ఆవిడ మంచినీళ్ళతో మింగారు. పదకొండింటికల్లా చెమటలు పోసి తులసికోట దగ్గర కూలబడిపోయారట. పక్కింటావిడ చూసి పంచదార నీళ్ళు తాగించబట్టి సరిపోయింది.

"జాబితాలో ఉందిగా!" అన్నారు మావారు ఫోనులో. నాకు కోపం రాలేదు, కాళ్ళు వణికాయి. తప్పు ఆయనది కాదు, కాగితానిది. ఆ కాగితం నాది.

నరసరావుపేట తిరిగొచ్చాక మా అమ్మాయితో చెప్పుకున్నాను. అది మేడమీద గదిలో కూర్చునే హైదరాబాదు ఆఫీసు పని చేస్తుంది.

"మా దగ్గరా ఇదే గొడవమ్మా!" అంది. దాని పని స్ప్రింగ్ అనే ఫ్రేమ్‌వర్క్‌తోనట. "ఫ్రేమ్‌వర్క్ అంటే మన సాగర్ కుడికాలువ అనుకో. కాలువ ముందే తవ్వి ఉంటుంది. ఏ తూము ఎప్పుడు ఎత్తాలో మాత్రం మనం రాసివ్వాలి."

2004లో స్ప్రింగ్ మొదటి వెర్షన్ వచ్చినప్పుడు ఆ రాసివ్వడం ఎక్స్ఎంఎల్‌లో ఉండేదట. అచ్చం నా జాబితాలాగే, ఇది ఇక్కడ, అది అక్కడ అని చెప్పడమే తప్ప 'ఇలా అయితే అలా' అనడానికి వీలుండేది కాదట. 2013 డిసెంబరులో వచ్చిన నాలుగో వెర్షన్ నుంచి గ్రూవీ అనే స్క్రిప్టు భాషలో కూడా రాసుకోవచ్చన్నారు. దానికి 'అయితే', 'లేకపోతే' తెలుసు. పరీక్షకు నడిపేటప్పుడు ఉత్తుత్తి ఖాతాలు, నిజంగా నడిపేటప్పుడు అసలు ఖాతాలు అని ఒకే చోట చెప్పొచ్చు.

ఇంకేం, నాకు హుషారొచ్చింది. ఆ రాత్రే కొత్త జాబితాకి కూర్చున్నాను. ఏకాదశి అయితే, జ్వరమొస్తే, పాలు విరిగితే, పనిమనిషి రాకపోతే, వచ్చినా ఆలస్యంగా వస్తే... నాలుగు పేజీలైంది. మావారు కళ్ళజోడు పెట్టుకుని రెండో పేజీలోనే దారి తప్పారు. "మంచినీళ్ళు తాగాలంటే ఎన్నో పేజీ చూడాలే?" అన్నారు.

అమ్మాయి పకపకా నవ్వింది. "ఇదీ మా గొడవేనమ్మా. ఉత్త జాబితా అయితే ఎవరైనా చదవగలరు. 'అయితే'లు పెరిగేకొద్దీ అదే పెద్ద ప్రోగ్రామై కూర్చుంటుంది. అందులో తప్పు చదివితే కనపడదు, నడిపినప్పుడు బయటపడుతుంది. తప్పదనుకున్న చోటే వాడాలి."

నాలుగు పేజీలూ చించేశాను. పాత జాబితానే మళ్ళీ అంటించి, మాత్ర దగ్గర మాత్రం ఒక్క ముక్క కలిపాను: 'టిఫిను తింటేనే. తినకపోతే ముందు డాక్టరుగారికి ఫోను.'

అత్తయ్య చేతికర్ర పట్టుకుని వచ్చి అంతా చదివించుకుని విన్నారు.

"బాగానే ఉందమ్మాయ్. నన్నొక మాట అడగమని ఎక్కడా రాయలేదేం? వాడు అడిగుంటే ఉపవాసమని నేనే చెప్పేదాన్నిగా!"

ఏం చెప్పను? కలం తీసి ఆ మాటా రాశాను. అన్నిటికన్నా పైన.