నడుముకి చుట్టిన టేపు

‘‘నార్మలే కదండీ!’’ అన్నాడు తండ్రి, ఫోన్లో లెక్క చూపిస్తూ.

కుర్రాడికి పదకొండేళ్లు. ఎత్తు 145 సెంటీమీటర్లు, బరువు 44 కిలోలు. బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే బీఎంఐ సుమారు 21. పెద్దవాళ్లకైతే నిక్షేపంలాంటి అంకె. డాక్టరమ్మ మాత్రం డ్రాయర్లోంచి గీతల కాగితం తీశారు.

ఆ సూత్రం 1830ల్లో బెల్జియం గణిత శాస్త్రవేత్త కెట్లే ఆలోచన. బీఎంఐ అన్న పేరు 1972లో అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ పెట్టింది. ఇద్దరి చూపూ ఎదిగిన మనుషుల మీదే. పిల్లల ఒళ్లు అలా ఒక్కచోట నిలవదు. ఏడాది వయసులో బొద్దుగా ఉంటారు, ఐదారేళ్లకు సన్నబడతారు, తర్వాత మళ్లీ పుంజుకుంటారు. ఈడొచ్చేసరికి ఆడపిల్లలకు కొవ్వు, మగపిల్లలకు కండ పెరుగుతాయి. అందుకే వాళ్ల అంకెను వయసు పక్కన పెట్టి, ఆడా మగా విడివిడిగా చూడాలి. 5 నుంచి 18 ఏళ్ల మన పిల్లల కోసం భారత పిల్లల వైద్యుల సంఘం 2015లో గ్రాఫులు తెచ్చింది. అందులో ఈ కుర్రాడి చుక్క అధిక బరువు గీతను దాటింది. ఊబకాయం గీతకు మాత్రం కిందే ఉంది.

‘‘కాళ్లూ చేతులూ పుల్లల్లా ఉంటే వీడికి కొవ్వేమిటమ్మా?’’ నాయనమ్మకు కోపమొచ్చింది.

ఆ ప్రశ్న కొట్టిపారేసేది కాదు. బీఎంఐకి కొవ్వేదో కండేదో తెలియదు. పుణె వైద్యుడు యాజ్నిక్, లండన్ వైద్యుడు యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఫొటోనే వేసుకున్నారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్నిక్‌కి 21.2! సన్నగా కనిపిస్తూనే కొవ్వు దాచుకునే ఒళ్లు మనది.

దీనికి కరెంటు మిషన్లున్నాయి కానీ, తాగిన నీళ్లను బట్టి కూడా వాటి అంకె మారిపోతుంది. దర్జీ టేపే నయం. కింది పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్య చుట్టి, ఊపిరి వదిలాక చూడాలి. నడుము, ఎత్తులో సగం దాటకూడదు. అంటే ఇక్కడ 72.5. వచ్చింది 76.

డాక్టరమ్మ ఆ అంకె పైకి చదవలేదు, రాసుకున్నారంతే. తూకం ఎక్కేముందు వాడు చెప్పులతోపాటు బెల్టూ, వాచీ కూడా తీసి పక్కన పెట్టడం ఆమె చూశారు.

‘‘ఎంతొచ్చింది ఆంటీ? నేను తగ్గాలా?’’

‘‘తగ్గక్కర్లేదు నాన్నా. బరువు ఇక్కడే ఆగితే చాలు, నువ్వు ఎత్తు పెరుగుతావుగా. మూడు నెలలయ్యాక రా.’’

వాడు బెల్టు పెట్టుకున్నాడు. నాయనమ్మ, వచ్చేటప్పుడు కొన్న చిప్స్ పొట్లాన్ని సంచి అడుక్కి తోసేసింది.