మెట్ల దగ్గర ఆగిపోయిన మనిషి

గుండెపోటు వచ్చి, స్టెంట్ వేయించుకుని ఇంటికెళ్లిన వాళ్లు నెల తర్వాత చూపించుకోవడానికి వస్తారు. ఎకోలో గుండె పనితీరు బాగానే ఉంటుంది, మూసుకుపోయిన రక్తనాళం తెరుచుకునే ఉంటుంది. మనిషి మాత్రం గ్లాసుడు మంచినీళ్లకి కూడా తనంతట తాను లేవడు.

అలాంటి వాళ్లలో ఒక లారీ డ్రైవరు నాకు బాగా గుర్తు. యాభై దాటినవాడు, రాత్రిళ్లు ఘాట్ రోడ్ల మీద బండి తోలిన మనిషి. మేడ మీది గది వదిలేసి మకాం కిందికి మార్చాడు. స్నానానికెళ్తే తలుపు గడియ పెట్టడు, బయట భార్య కాపలా. "నాలుగడుగులేస్తే దడ వచ్చేస్తోంది సార్, లోపలేదో తేడాగా ఉంది" అన్నాడు.

తేడా ఉన్నది కాళ్లలో. వారాల తరబడి కదలకపోతే కండ కరిగిపోతుంది, చిన్న పనికే ఆయాసం వస్తుంది. ఆ ఆయాసం చూసి గుండె ఇంకా దెబ్బతిందనుకుని మళ్లీ పడుకుంటాడు. అలా భయం తనకు కావలసిన సాక్ష్యాన్ని తనే పుట్టించుకుంటుంది.

అతన్ని తప్పుపట్టడానికి మా వృత్తికి నోరు లేదు. గుండెపోటు వస్తే వారాల పాటు మంచం దిగనివ్వకపోవడమే ఒకప్పుడు వైద్యం. బోస్టన్‌లో సామ్యూల్ లెవీన్, ఆయన దగ్గర పనిచేసిన బెర్నార్డ్ లౌన్ అలాంటి రోగుల్ని మొదటి రోజుల్లోనే కుర్చీలో కూర్చోబెట్టి, 1952లో ఆ సంగతి ప్రచురించారు. ఇది ప్రాణం మీదికి తెస్తుందని తోటి డాక్టర్లే గొడవపెట్టారు. కూర్చోబెడితే ముంచుకొస్తుందనుకున్న ప్రమాదమేమీ రాలేదు. పడుకోబెట్టడం వల్లే కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టి, ఊపిరితిత్తుల్లోకి చేరి ప్రాణం తీసేది.

డ్రైవరుకి నేను ధైర్యం చెప్పలేదు. ఆ పని పలకరించడానికొచ్చిన చుట్టాలంతా చేసేశారు. బీపీ చూసి, వేలికి ఆక్సిమీటర్ పెట్టి, వరండాలో ఆరు నిమిషాలు నడిపించాం. తర్వాత మెట్లు. సగంలో రెయిలింగ్ పట్టుకుని ఆగిపోయాడు. తొందరపెట్టలేదు. భార్యని కూడా పక్కనే ఎక్కమన్నాను, ఆవిడ భయం తగ్గకపోతే ఇంట్లో అతని నడక సాగదు కాబట్టి. నాడి లెక్కపెట్టుకోవద్దన్నాను. బీటా బ్లాకర్ మాత్రలు వేసుకునేవాళ్లలో నాడి అంతగా పెరగదు, ఆ లెక్క మోసం చేస్తుంది. మాట్లాడుతూ నడవగలిగితే ఆ వేగం సరే, మాట తెగుతుంటే తగ్గించుకోవాలి. ఛాతీ పట్టేసినట్టుంటే ఆగి కూర్చుని, నాలుక కింద మాత్ర పెట్టుకోవాలి, ఐదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చేయాలి. దేనికి భయపడాలో తేల్చి చెప్పాకే మిగతా భయం కాస్త వదిలింది. రెండు నెలలకి మేడ మీదికి మారాడు. లారీ మాత్రం ట్రెడ్‌మిల్ పరీక్ష అయ్యేదాకా ముట్టుకోవద్దన్నాను.

ఆడవాళ్ల దగ్గర ఈ కథ తిరగబడుతుంది. డిశ్చార్జయిన వారానికే పొయ్యి దగ్గర ఉంటారు. ఇంట్లో వాళ్లని లేవొద్దనేవాళ్లుండరు. "మా ఆవిడకి గుండె ధైర్యమెక్కువ సార్" అని భర్తలు మెచ్చుకుంటారు. నాకు ఆ మాటకి ఒళ్లు మండుతుంది.

ఒక టీచరమ్మ రెండుసార్లు నవ్వుతూ వచ్చి, "బాగానే ఉందండీ" అని వెళ్లిపోయింది. మూడోసారి భర్త మందుల షాపుకి వెళ్లినప్పుడు గొంతు తగ్గించి చెప్పింది. కళ్లు మూతపడితే మళ్లీ తెరుస్తానో లేదోనని తెల్లవార్లూ మేలుకునే ఉంటోందట. గుండెపోటు తర్వాత ఇలాంటి దిగులు చాలామందికి వస్తుంది, దానికీ వైద్యం ఉంది. ముందు ఈ మాట ఆయనతో అనమన్నాను. నడవడం కన్నా అదే ఆవిడకి కష్టమైంది. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, ఆయన తిరిగొచ్చాక నా ముందే చెప్పింది. ఆయన మందుల కవరు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

తర్వాత వచ్చినప్పుడు నిద్ర పడుతోందని చెప్పింది. "పొద్దున కాఫీ నేనే పెడుతున్నా డాక్టర్ గారూ" అన్నాడాయన.

"చక్కెర ఎక్కువేస్తారు" అందావిడ.

తగ్గించమని ఇద్దరికీ చీటీ మీద రాసిచ్చాను.