ప్యాసింజర్ పక్షాన

ఊళ్లో అందరి వైఫై కనిపించి మనది మాత్రం కనిపించకపోతే వచ్చే కోపం ఒక ప్రత్యేకమైన జాతి. కరెంటు పోతే వీధంతా పోతుంది, ఆ చీకట్లో ఒక సమానత్వం ఉంటుంది. మేడమీదకెళ్లి పక్కవాళ్లతో కలిసి తిట్టుకోవచ్చు. ఇక్కడ ఆ సుఖం కూడా లేదు. గేమ్ ఆడే పెట్టె టీవీ తెర మీద వరసగా పేర్లు చూపిస్తోంది. పై అంతస్తు డాక్టరుగారిది ఉంది. కింద ట్యూషన్ సెంటరుది ఉంది. ‘మీ సొంతది వేయించుకోండి’ అని పేరు పెట్టుకున్న ఎదురు ఫ్లాట్ కుర్రాళ్లది ఉంది. వీధి చివరి మందుల షాపుది కూడా, బలహీనంగానే అయినా, ఉంది. నెలనెలా బిల్లు కడుతున్న నాది లేదు. పోనీ రూటరు దూరంగా ఉందా అంటే అదే హాల్లో, పెట్టెకి ఎదురుగోడ మీద, పచ్చదీపాలు మిణుక్కుమనిపిస్తూ కూర్చుంది.

సెలవులకొచ్చిన మేనల్లుడు “మామయ్యా, మీ వైఫై వేస్ట్” అని తేల్చేశాడు. పెట్టె వాడిది. ఎప్పుడో వాళ్ల నాన్న అమెరికా నుంచి వస్తూ తెచ్చింది. అమెరికా సరుకును అనుమానించడం మన ఇళ్లలో ఆచారం కాదు కాబట్టి నేరం మా రూటరు మీదే పడింది. ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేస్తే, “ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్” అన్నారు. ఏ రోగానికైనా ఒకటే మాత్ర ఇచ్చే వైద్యుణ్ణి నేను నమ్మను. అయినా చేశాను. డాక్టరుగారిది ఇంకా బాగా కనిపించింది.

ఇలాంటప్పుడు పెట్టెకి జబ్బా, రూటరుకి జబ్బా అని తేల్చడానికి సులువైన పరీక్ష ఒకటుంది. ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టి, అందులో బ్యాండ్ 2.4 అని ఎంచుకుని, పెట్టెతో వెతికించాలి. కనిపిస్తే పెట్టె చెవులు బాగున్నట్టే. మాకు టక్కున కనిపించింది. ఇక రూటరు సంగతి. పేరు దాచిపెట్టి ఉంటే జాబితాలో రాదు. లేదా అది 12, 13 చానళ్ల మీద కూర్చుని ఉండొచ్చు. మన దేశంలో 13 దాకా వాడుకోవచ్చు గానీ అమెరికాలో అమ్మే పరికరాలు చాలావరకు 11తోనే లెక్క ముగిస్తాయి. మిగిలిన అనుమానం బ్యాండ్. 2013లో వచ్చిన తొలి ప్లేస్టేషన్ 4కి 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే తెలుసు. 5 గిగాహెర్ట్జ్ కూడా వినగలిగే మోడళ్లు 2016లో వచ్చాయి. అంతకుముందటి నింటెండో వీ కూడా 2.4దే. కాబట్టి రూటరు 5లో మాత్రమే పలుకుతుంటే పాతకాలపు పెట్టెకి ఆ గొంతు వినపడదు. అది పెట్టె లోపం కాదు, దాని వయసు.

రూటరు అడుగున అంటించిన కాగితం మీది పాస్‌వర్డ్‌తో లోపలికెళ్లి చూస్తే అదే జరిగింది. ప్లాన్ పెంచినప్పుడు వచ్చిన కుర్రాడు 2.4ను ఆపేసి వెళ్లాడు. ఫోన్ చేసి అడిగితే, “పాతది కద్సార్, స్లో. ఫైవ్ జీ పెట్టా, స్పీడ్ బాగుంటది” అన్నాడు. ఆ ఫైవ్ జీకీ, ఫోన్లకొచ్చే 5జీకీ ఏ చుట్టరికమూ లేదని చెప్పబోయాను. వాడు అప్పటికే ఇంకో ఇంటి గోడకి కన్నం వేస్తున్నాడు. 2.4ను ఆన్ చేసి, దానికి వేరే పేరు పెట్టగానే పెట్టె కలిసింది, మేనల్లుడు నన్ను మర్చిపోయాడు. ఆ కథ అంతే. కానీ ‘పాతది, స్లో’ అన్న మాట నన్ను వదల్లేదు.

2.4 గురించి అలా మాట్లాడతారా ఎవరైనా? వైఫై ప్రపంచంలో అది జనరల్ బోగీ. మన దేశంలో 2005 నుంచి దానికి లైసెన్సు అక్కర్లేదు, ఎవరైనా ఎక్కొచ్చు. ఎక్కారు కూడా. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు, వైర్లు లేని మౌసులు, ఫోన్‌తో వెలిగే బల్బులు, అన్నీ అందులోనే. వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఆ చుట్టుపక్కలే, 2.45 దగ్గర, గొడవ చేస్తుంటుంది. చానళ్లు 13 అని పేరే గానీ ఒకరి కాళ్లు ఒకరు తొక్కకుండా కూర్చోడానికి 1, 6, 11 మూడే చోట్లు. అయినా సర్దుకుంటాయి. ముందు చెవొగ్గి వినాలి, ఎవరూ మాట్లాడటం లేదని తేలాకే నోరు విప్పాలి, ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే కాసేపాగి మళ్లీ మొదలెట్టాలి. ఇది వైఫై నియమం. మన టీవీ చర్చల్లో ఈ మర్యాద ఎక్కడైనా చూశారా?

పైగా దాని అల దాదాపు పన్నెండు సెంటీమీటర్ల పొడవు. 5ది అందులో సగం కూడా ఉండదు. అందుకే 2.4 గోడలు దాటి పడకగదిలోకి, వంటింట్లోకి, బాల్కనీలో ఉన్న మామగారి దాకా వెళుతుంది. 5 మాత్రం హాల్లో హడావుడి చేసి, రెండు గోడలు అడ్డొస్తే నీరసిస్తుంది. వేగం దానిది, చేరడం దీనిది. ఇంతకీ ఆ వేగంతో చేసేదేమిటి? 4కె సినిమాకి 15 ఎంబీపీఎస్ చాలని నెట్‌ఫ్లిక్స్ వాళ్లే చెబుతారు. ఆన్‌లైన్ ఆటకి అంతకూడా అక్కర్లేదు, నొక్కిన బటన్ కబురు ఆలస్యం లేకుండా చేరితే చాలు. “మరి గేమ్ డౌన్‌లోడ్ కావాలి కదా మామయ్యా, రాత్రంతా పడుతుంది” అన్నాడు మేనల్లుడు. “రాత్రి ఉన్నదెందుకురా, పడుకో” అన్నాను. వేగం కొనుక్కుని ఏం చేసుకోవాలో తెలియనివాళ్లం మూడొందల ఎంబీపీఎస్ అని బిల్లు మీద చదువుకుని మురిసిపోతున్నాం.

పేరుకి వేగం తగిలించి డబ్బులు పెంచడం ఇవాళ పుట్టిన విద్య కాదు. కొవిడ్ తర్వాత ప్యాసింజర్ రైళ్లను ఏం చేశారో గుర్తుందా? అవే పెట్టెలు, అదే నడక, పేరు మాత్రం ఎక్స్‌ప్రెస్ స్పెషల్. పది రూపాయల కనీస టికెట్ ముప్ఫై అయింది. మళ్లీ పాత ఛార్జీ రావడానికి 2024 దాకా ఆగాల్సొచ్చింది. బెజవాడ నుంచి బందరు ప్యాసింజర్ ఎక్కినవాళ్లని అడగండి వేగం అంటే ఏమిటో. ఉప్పులూరు, తరిగొప్పుల, ఇందుపల్లి, ప్రతి ఊరినీ పలకరించి గాని కదిలేది కాదు. గుడివాడ జంక్షన్లో దిగి టీ తాగి, ఇంకో టీ ఆలోచించేంత సేపు ఆగేది. ముగ్గురి బల్ల మీద నలుగురు, ఆపైన “కాస్త జరుగు బాబూ” అంటూ అయిదో మామ్మగారు. గుడ్లవల్లేరులో కాలేజీ పిల్లలు దిగితే, కవుతరం దాటాక కిటికీ సీటు దొరికేది. పెడనలో కలంకారీ బట్టల మూటలు ఎక్కేవి. ఆ మూటల మీద ఆనుకుని నిద్రపోయిన వాడికి బందరు వచ్చిందని ఎవరో ఒకరు తట్టి లేపేవారు.

బందరు అన్నాక లడ్డూ మాట రాక తప్పదు. శనగపిండిని పూసలా నేతిలో వేయించి, రోట్లో దంచి, జల్లించి, బెల్లం పాకంలో కలిపి మళ్లీ దంచుతారు. ఎంత దంచితే అంత మెత్తన, అందుకే దాన్ని తొక్కుడు లడ్డూ అంటారు. ఈమధ్య కొన్ని కొట్లలో ఆ పొడిని మిక్సీలో తిప్పేస్తున్నారు. పని త్వరగా అవుతుందిట! నాలిక మీద పెట్టగానే కరగాల్సింది పళ్ల సందుల్లో గరగరలాడుతుంది. డబ్బా మీద మాత్రం ‘అసలు సిసలు’ అని రాసి ఉంటుంది. మీరు ఈసారి బందరు వెళితే బోర్డు చూసి మోసపోకండి. కొట్టు వెనక్కి చెవి పెట్టండి, రోకలి చప్పుడు వినిపిస్తేనే డబ్బులు తీయండి.