సముద్రం దాటించిన అమ్మ

తిరుపతిలో పెరిగిన నాకు గుడి అంటే జనం వెతుక్కుంటూ వచ్చే చోటు. జనంతోపాటు ఊరు మారిన అమ్మవారిని మాత్రం వియత్నాంలోనే చూశాను. హోచిమిన్ సిటీలో చైనావాళ్ల పేట చోలన్. అంటే ‘పెద్ద బజారు’ అని అర్థం. అక్కడుంది థియెన్ హౌ ఆలయం. దక్షిణ చైనా నుంచి ఓడల్లో వచ్చిన వర్తకులు 1760 ప్రాంతంలో దీన్ని కట్టారు. సముద్రంలో వెళ్లేవారిని కాపాడే తల్లి ఆమె. క్షేమంగా ఒడ్డుకు చేర్చినందుకు కట్టిన గుడి అన్నమాట!

లోపల ముందుగా పలకరించేది అగరు పొగే. దోమల కాయిల్‌లా చుట్టిన పెద్ద పెద్ద అగరుచుట్టలు తల పైన వేలాడుతుంటాయి. ఒక్కోదానికీ భక్తుల పేర్లు రాసిన చీటీ. మనం అర్చనకి గోత్రనామాలు చెప్పుకున్నట్టే! కప్పు మీద గోపురం బొమ్మల్లా బారులు తీరిన పింగాణీ బొమ్మలు.

1975లో యుద్ధం ముగిశాక, ముఖ్యంగా 1978-79లో, చైనా సంతతివారు లక్షలాదిగా పడవలెక్కి దేశం విడిచారు. ఎందరో సముద్రంలోనే కలిసిపోయారు. బతికి అమెరికా చేరినవాళ్లు లాస్‌ఏంజెలిస్‌లో ఈ అమ్మకే గుడి కట్టుకున్నారు. మనవాళ్లూ 1970ల్లోనే పిట్స్‌బర్గ్‌లో వెంకన్నకి గుడి కట్టుకున్నారు. కాకపోతే మనవాళ్లు ఉద్యోగాల కోసం విమానమెక్కారు. వాళ్లు ప్రాణాలు అరచేత పట్టుకుని పడవెక్కారు.

నేనూ ఒక అగరుచుట్ట కొన్నాను. చీటీ మీద తెలుగులోనే, కువైట్‌లో ఉన్న మా తమ్ముడి పేరు రాశాను. ఆ తల్లికి మన లిపి రాకపోవచ్చు. ఇల్లు విడిచి వెళ్లినవాళ్ల బెంగ మాత్రం బాగా తెలుసు.