డెస్క్‌టాప్ మీది ఫోల్డర్

ఉట్నూరులో నాకు బోర్డు కట్టిన దుకాణం లేదు. ఒక బ్యాగు, అందులో స్క్రూడ్రైవర్లు, బ్రష్షు, రెండు పెన్‌డ్రైవ్‌లు, ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కు. ఫోన్ వస్తే బైకు తీస్తాను. ఆశ్రమ పాఠశాలలు, మీసేవ కేంద్రాలు, పంచాయతీ ఆఫీసులు, టీచర్ల ఇళ్లు. ఇంద్రవెల్లి, నార్నూర్, జైనూర్ దాకా తిరుగుతాను. ఎండాకాలం దుమ్ముకు ఫ్యాన్లు పట్టేస్తాయి. వానాకాలం పిడుగులకు ఎస్‌ఎంపీఎస్‌లు కాలిపోతాయి. ఒకసారి సీపీయూ విప్పితే లోపల ఎండిన బల్లి. ఇవన్నీ తేలికే. మనుషులతో మాట్లాడడమే కష్టం.

అమీర్‌పేటలో హార్డ్‌వేర్ కోర్సు చేశాక హైదరాబాద్‌లోనే ఒక షాపులో కొన్నాళ్లు పనిచేశాను. అక్కడ ఒక మాట పట్టుబడింది. "హార్డ్‌డిస్క్ పోయింది సార్." మన చేతిలో ఏది పాడైనా ఈ మాట చాలు. లోపల ఏం జరిగిందో కస్టమర్‌కు తెలియదు కదా.

ఊరికి వచ్చిన మొదటి ఏడాదే ఆ మాట వాడాను. చిన్నప్పుడు నాకు చదువు చెప్పిన మా గోండు సారు తన కంప్యూటర్ తెచ్చారు. "చానా నెమ్మదైంది, చూడు రా" అన్నారు. సి డ్రైవ్ ఫార్మాట్ చేసి విండోస్ మళ్లీ వేశాను. డి డ్రైవ్ ముట్టుకోలేదు. జాగ్రత్తగానే చేశాననుకున్నాను. సాయంత్రం సారు వచ్చి తెర వైపు చూసి, "ఈడ ఒక ఫోల్డర్ ఉండాలె" అన్నారు. డెస్క్‌టాప్ మీద కనిపించేది మామూలుగా సి డ్రైవ్‌లోనే ఉంటుంది. ఆ సంగతి ఆయనకు తెలియదు. అడగాలని నాకు తోచలేదు. ఆ ఫోల్డర్‌లో తొమ్మిదేళ్లుగా ఊరూరా తిరిగి ఆయన రాసుకున్న గోండి పాటలు, కథలు, మాటల పట్టిక ఉన్నాయి.

"హార్డ్‌డిస్క్ పోయింది సార్, అందుకే..." అన్నాను. ఆ మాట దానంతట అదే వచ్చింది.

ఆయన తిట్టలేదు. కాసేపు ఊరుకుని, "పాడినోళ్లల్ల ఇద్దరు లేరు ఇప్పుడు" అన్నారు. మూడు వందలు చేతిలో పెట్టారు. తీసుకున్నాను.

మన టీచర్లకు, పిల్లలకు ఒక సంగతి చెప్పాలి. పాత హార్డ్‌డిస్క్‌ను మామూలుగా ఫార్మాట్ చేసినంత మాత్రాన ఫైళ్లు వెంటనే చెరిగిపోవు. వాటి చోట కొత్తవి వచ్చి పడేదాకా చాలావరకు ఉంటాయి. ఆ సాయంత్రమే నిజం చెప్పి కంప్యూటర్ ఆపేసి ఉంటే కొత్త విండోస్ పడిన మేర పోయినా తక్కినవి దొరికేవేమో. నాకు నిద్ర పట్టక, ధైర్యం చాలక పన్నెండు రోజులు గడిచాయి. వెళ్లి చెప్పేసరికి సారు పిల్లల కోసం బోలెడు వీడియోలు ఎక్కించుకుని ఉన్నారు. తప్పు కన్నా అబద్ధమే ఎక్కువ చెరిపింది.

రికవరీ సాఫ్ట్‌వేర్‌తో రెండు రోజులు కూర్చున్నాను. ఫైళ్ల పేర్లు పోయి అంకెలు మిగిలాయి. తెరిస్తే పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలు. అవి అను ఫాంట్‌లో టైప్ చేసినవి. ఆ ఫాంట్ వేయగానే తెలుగు లిపి కనిపించింది. సారు పక్కన కూర్చుని ఒక్కొక్కటి చదివి, ఇది దండారి పాట, ఇది పెళ్లిది అని చెబుతుంటే నేను పేర్లు పెట్టాను. మూడోవంతు కూడా రాలేదు. మూడు వందలు తిరిగి ఇచ్చాను. "ఆ రోజే చెప్పకపోతివేందిరా" అన్నారు, అంతే. తర్వాత ఏడాదిన్నర నన్ను పిలవలేదు.

ఇప్పుడు ఎవరి కంప్యూటర్ విప్పినా ముందు ఒక చీటీ రాస్తాను. ఏం పాడైంది, ఏం చేస్తాను, ఎంత అవుతుంది, పోగూడనిది ఎక్కడుంది. ఒకటి వాళ్లకు, ఒకటి నాకు. చాలామంది "అన్నీ ముఖ్యమే" అంటారు. అప్పుడు నేనే డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్ తెరిచి చూపిస్తాను. ఎస్‌ఎస్‌డీ వేస్తే వేగం వస్తుంది, కానీ అందులో చెరిగింది తిరిగి రావడం చాలా కష్టమని ముందే చెబుతాను. తీసేసిన పాత డిస్కు కవర్లో పెట్టి వాళ్ల చేతికే ఇస్తాను.

డబ్బుల మాట ఇంకా కష్టం. "మనోడివే కదా" అంటూ ఉద్దర పెడతారు. ఆఫీసుల బిల్లులు నెలలు పడతాయి, ఆలోగా సామాను డబ్బు నా జేబులోంచే. అందుకే సామాను డబ్బు ముందే అడుగుతాను. మొదట్లో సిగ్గేసేది. కానీ ఊరికే చేయించుకున్నవాళ్లు పని చెడినా నన్ను నిలదీయలేరు. మొహమాటపడి ఇంకొకరి దగ్గరకు పోతారు. మా చిన్నమ్మ కొడుకైనా సరే, కొంత తీసుకుంటాను.

పోయిన నెల సారు మళ్లీ వచ్చారు, కొత్త ల్యాప్‌టాప్‌తో. గుంజాల గోండి అక్షరాలు 2018లో యూనికోడ్‌లోకి వచ్చాయి. ఆ ఫాంట్ వేసిపెట్టమన్నారు. నేను చీటీ తీస్తుంటే జేబు తట్టి చూపించారు.

"అన్నీ పెన్‌డ్రైవ్‌ల ఉన్నయి. ఇది నీకియ్య."

చీటీలో అదే రాసుకున్నాను.